పాత కారు పెయింట్ పాడైతే: పాలిషా, టచప్పా, ఫుల్ బాడీనా?

ఆర్‌సీ రెన్యువల్ దగ్గర పడగానే పాత కారున్న ఇంట్లో ఈ చర్చ మొదలవుతుంది. ఇంజిన్ బాగుంది, ఏసీ పనిచేస్తోంది, మైలేజీ కూడా ఫర్వాలేదు. కానీ టాప్ మీద పెయింట్ పెచ్చులు లేచింది, బానెట్ తెల్లబోయింది, తలుపు కింద ఎక్కడో ఒక పొక్కు కనిపిస్తోంది. పెయింటర్ ‘ఫుల్ బాడీ కొట్టించేద్దాం సార్’ అంటాడు. పాలిష్ షాపులో ‘రబ్బింగ్ చేస్తే కొత్తదైపోతుంది’ అంటారు. చుట్టాల్లో ఒకాయన ‘దానికి పెట్టే డబ్బుతో ఇంకో సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది, అమ్మెయ్’ అని తేల్చేస్తాడు.

ఒకే కారును చూసి ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడుతూ ఉండకపోవచ్చు. ‘పెయింట్ పోయింది’ అని మనం ఒక్క మాటలో అనేసేది నిజానికి వేర్వేరు పొరల్లో జరిగే వేర్వేరు నష్టాలు. ఏ పొర దాకా పోయిందన్నది తేలితే పాలిష్ చాలా, ప్యానెల్ కొట్టించాలా, రేకు కోయించాలా అన్నది చాలావరకు అదే తేలిపోతుంది. పైగా చూపులకు ఘోరంగా ఉన్నది తక్కువ ప్రమాదం కావచ్చు, కంటికి ఆననిది ఎక్కువ ప్రమాదం కావచ్చు. అందుకే పొరల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

రేకు మీద వరసగా ఏముంటాయి

ఫ్యాక్టరీలో బాడీ రేకును శుభ్రం చేశాక మొదట ఫాస్ఫేట్ స్నానం చేయిస్తారు. కంటికి కనిపించనంత సన్నటి ఈ పూత వల్ల ఆ పైన వేసేది రేకును గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత బాడీ మొత్తాన్ని ప్రైమర్ తొట్టిలో ముంచి కరెంటు పారిస్తారు. దీన్ని ఈడీ కోట్ అంటారు. గన్‌తో కొడితే చేరని తలుపుల లోపలి సందుల్లోకి, ఫుట్‌బోర్డు కింది డొల్ల భాగాల్లోకి కూడా ఇది వెళ్తుంది. మందం సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తుప్పు పట్టకుండా కాపాడే బాధ్యత చాలావరకు ఈ పొరదే. అయితే ఇది ఎపాక్సీ రకం కాబట్టి దీనికి ఎండ పడదు. నేరుగా ఎండ తగిలితే పొడిబారి పట్టు వదిలేస్తుంది. దాన్ని కప్పడానికి పైన ఇంకో ప్రైమర్ పొర, 30 నుంచి 40 మైక్రాన్లు. దానిమీద మనం చూసే రంగు, అంటే బేస్ కోట్, పదిహేను మైక్రాన్ల చుట్టుపక్కల. అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్, 35 నుంచి 50 మైక్రాన్లు. మెరుపంతా ఈ క్లియర్‌దే, ఎండను అడ్డుకునే రసాయనాలు ఎక్కువగా ఉండేదీ దీంట్లోనే.

అన్నీ కలిపితే నూరు నుంచి నూటపాతిక మైక్రాన్లు తేలుతుంది. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, పదిహేనేళ్ల ఎండకూ వానకూ రేకుకూ మధ్య అడ్డుగా ఉన్నది రెండు వెంట్రుకల మందం కూడా కాదు.

ఇంకో సంగతి. అన్ని కార్లకూ క్లియర్ కోట్ ఉండదు. పాత అంబాసిడర్లలో, పాత మారుతి 800ల్లో, చాలా కార్ల మామూలు తెలుపు, ఎరుపు రంగుల్లో రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. దీన్ని సింగిల్ స్టేజ్ పెయింట్ అంటారు. మెటాలిక్ రంగుల్లో ఇది అరుదు. వాటిలో మిలమిలలాడే అల్యూమినియం రేణువులకు సాధారణంగా పైన క్లియర్ కప్పి ఉంటుంది. పాత తెల్ల కారుకూ పాత సిల్వర్ కారుకూ ఒకే సలహా పనికిరాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఎండ చేసే పని, ఉప్పుగాలి చేసే పని

సింగిల్ స్టేజ్ పెయింట్ ఎండకు సుద్దలా మారుతుంది. పెయింట్‌లో రంగు పొడిని పట్టి ఉంచే రెసిన్ అతినీలలోహిత కిరణాలకు విరిగిపోతుంది, పట్టు వదిలిన రంగు పొడి పైకి తేలుతుంది. తెలుపు రంగుకు వాడే టైటానియం డయాక్సైడ్ ఈ పనికి కొంత తోడ్పడుతుంది కూడా. ఎండ తగిలినప్పుడు తన చుట్టూ ఉన్న రెసిన్‌ను తనే దెబ్బతీసే గుణం దానికుంది. పాత తెల్ల కారు బానెట్ మీద వేలితో గీస్తే వేలికి తెల్లటి పొడి అంటుకునేది అందుకే. పాత ఎర్ర కార్లు గులాబీ రంగులోకి తిరగడం చూస్తుంటాం. పాత ఎరుపు రంగుల్లో చాలావాటికి ఎండను తట్టుకునే శక్తి తక్కువ. దానికి పైన తేలిన తెల్లటి పొడి తోడవుతుంది.

క్లియర్ కోట్ ఉన్న కారు కథ వేరు. మొదట మెరుపు తగ్గుతుంది. తర్వాత టాప్ మీదో బానెట్ మీదో పాలమీగడ రంగు మచ్చలు వస్తాయి. అంటే క్లియర్ కింద పట్టు వదులుతోంది. ఆ తర్వాత ఒక వానాకాలమో ఎండాకాలమో గడిచేసరికి ప్లాస్టిక్ కాగితం ఊడినట్టు పెచ్చులు లేస్తాయి. ఇది ఎప్పుడూ టాప్, బానెట్, డిక్కీ మూత మీదే మొదలవుతుంది, ఎందుకంటే ఎండ నిట్టనిలువుగా పడేది వాటిమీదే. తలుపులు ఇంకా బాగానే ఉంటాయి. పక్షుల రెట్టలూ చెట్ల జిగురూ ఈ పనిని తొందర చేస్తాయి. వేసవిలో వేడెక్కి మెత్తబడిన క్లియర్ మీద రెట్ట ఎండి ముడుచుకుంటే దాని అచ్చు అలాగే దిగిపోతుంది.

కొన్నిసార్లు తప్పు వాడకంలో ఉండదు, తయారీలోనే ఉంటుంది. అమెరికాలో 2006 నుంచి వచ్చిన కొన్నేళ్ల హోండా సివిక్ కార్లలో పెయింట్ బీటలివ్వడంతో కంపెనీ పెయింట్ వారంటీని పొడిగించింది. అక్కడే టొయోటా తన రెండు తెలుపు రంగుల విషయంలోనూ అదే చేసింది. ఎండ వల్ల ఈడీ కోట్ దగ్గర పట్టు వదిలి తెలుపు మొత్తం పలకలుగా ఊడుతోందన్నది అక్కడ చెప్పిన కారణం. అమెరికాలో పాత సివిక్‌నో కరోలానో నడుపుతున్న మనవాళ్లకు ఆ ముచ్చట తెలిసే ఉంటుంది. కిందిపొర తప్పితే పైన ఎంత మంచి క్లియర్ ఉన్నా నిలవదని ఆ ఉదాహరణ చెప్తుంది.

ఇక తుప్పు. దీనికి ఎండతో పనిలేదు. నీళ్లు, గాలి, కాస్త ఉప్పు ఉంటే చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రానికి దగ్గరగా నిలిపే బండ్లకు ఈ మూడూ ఏడాది పొడవునా అందుతాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాంతో పైనున్న పెయింట్‌ను లోపల్నుంచి ఎత్తుతుంది. మనకు కనిపించే పొక్కు అదే. విశాఖలాంటి పోర్టు ఊళ్లలో ఇంకో తికమక ఉంది. గాల్లో ఎగిరే ఇనుప రజను తెల్ల కారు మీద పడి, అక్కడే తుప్పు పట్టి గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. అది పైన పడ్డ ధూళి, కింద రేకుకు ఏమీ కాలేదు. మరకలు తీసే మట్టిముద్దలాంటి క్లే బార్‌తోనో ఇనుప మరకలు తీసే ద్రవంతోనో పోతుంది. దీన్ని చూసి బాడీకి తుప్పు పట్టిందని హడలిపోయేవాళ్లు చాలామంది.

ఏ పొర పోయిందో ఎలా తెలుస్తుంది

పెయింటర్లు చూసే పద్ధతులు పెద్ద కష్టమైనవి కావు. కొద్దిగా కాంపౌండ్ (పెయింట్‌ను రుద్దే గరుకు పేస్టు) పెట్టి గుడ్డతో ఒక మూల రుద్దితే, గుడ్డకు కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్, అంటకపోతే పైన క్లియర్ ఉన్నట్టు. తెల్ల కారుకు నల్ల గుడ్డ వాడాలి, లేకపోతే ఏమీ తెలియదు.

పాత కారుకు ఇదివరకు రిపేరు పెయింట్ పడి ఉంటే అది ఏ రకమో థిన్నర్ చెప్తుంది. థిన్నర్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే మెత్తబడి కరిగిపోయేది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్. కరగకుండా నిలబడితే గట్టిపడే రకం, అంటే ఫ్యాక్టరీ పెయింటో పీయూనో (పాలీయురిథేన్). ఇది ఎందుకు ముఖ్యమో తర్వాత తెలుస్తుంది.

మందం కొలిచే మీటరు ఉన్నవాళ్ల పని ఇంకా తేలిక. ఉదాహరణకు ఒక పాత కారు మీద బానెట్ 110, ఎడమ ముందు తలుపు 120, కుడి ముందు తలుపు 260, కుడి వెనక తలుపు కింద 900 అని చూపిందనుకుందాం. మొదటి రెండూ ఫ్యాక్టరీ పెయింట్. మూడోది ఒకసారి రీపెయింట్ అయింది. నాలుగో చోట పెయింట్ కింద లప్పం ఉంది, అంటే ఎప్పుడో దెబ్బ తగిలింది లేదా తుప్పు పూడ్చారు. మీటరు లేకపోతే చిన్న అయస్కాంతమైనా కొంత చెప్తుంది. లప్పం మందంగా ఉన్నచోట అది సరిగా అంటుకోదు.

పాలిష్‌తో అయ్యేది, కానిది

రబ్బింగ్, కాంపౌండింగ్, పాలిష్ అని ఎన్ని పేర్లు చెప్పినా జరిగేది ఒకటే. పై పొరలో చెడిపోయిన కొన్ని మైక్రాన్లను గీకేసి కింద బాగున్న భాగాన్ని బయటికి తేవడం. కాబట్టి గీకడానికి బాగున్న భాగం మిగిలి ఉండాలి.

సుద్దబారిన సింగిల్ స్టేజ్ కారుకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పైన చచ్చిన పొడి పోతే కింద అదే రంగు, అదే మెరుపు ఉంటాయి. పదేళ్లుగా మాసిపోయిన తెల్ల కారు ఒక్క రోజులో తేరుకోవడం ఈ ఒక్క సందర్భంలోనే చూస్తాం. ఇలాంటి కారుకు ఫుల్ బాడీ కొట్టించడం, నా ఉద్దేశంలో, దండగ ఖర్చు. తర్వాత వ్యాక్స్ వేస్తూ ఉండకపోతే మళ్లీ సుద్దబారుతుంది, అది వేరే సంగతి.

క్లియర్ ఉన్న కారుకు లెక్క వేరు. క్లియర్ 40 మైక్రాన్లు ఉందనుకుందాం. గట్టి కాంపౌండ్‌తో మెషిన్ రబ్బింగ్ చేస్తే ఒకసారికి రెండు నుంచి ఐదు మైక్రాన్ల దాకా పోవచ్చు. సగటున నాలుగు అనుకుని, రెండేళ్లకోసారి పదేళ్లు చేయించారనుకోండి. అయిదుసార్లకు ఇరవై మైక్రాన్లు, అంటే సగం క్లియర్ పోయినట్టే. ఎండను ఆపే రసాయనం కూడా ఆ మేరకు పోయింది. పైకి కారు మెరుస్తూనే ఉంటుంది, కానీ కింద రంగుకు ఎండ దెబ్బ పెరుగుతుంది. అంచుల దగ్గరా బాడీ మడతల మీదా పెయింట్ ముందే పల్చగా ఉంటుంది కాబట్టి మెషిన్ తగలగానే క్లియర్ దాటి రంగు, ఒక్కోసారి ప్రైమర్ బయటపడుతుంది.

పెచ్చులు లేచిన క్లియర్‌కు పాలిష్ అసలు వర్తించదు. పోయినదాన్ని రుద్ది తేలేం. నాలుగు వాషులు పోయేదాకా మరుగున పెట్టే నూనె, సిలికాన్ కలిసిన పాలిష్‌లు ఉన్నాయి. వాటితో తాత్కాలికంగా మెరుస్తుంది. తర్వాత పెయింట్ కొట్టించాలనుకున్నప్పుడు ఆ సిలికాన్ సరిగా తుడవకపోతే కొత్త పెయింట్ అక్కడక్కడ విడిపోయి గుంటలు పడుతుంది. సిరామిక్ కోటింగ్ గురించి కూడా ఈ మాటే. బాగున్న పెయింట్ మీద దానికో ఉపయోగం ఉంది. పోయిన పెయింట్‌ను అది తిరిగి తేదు.

క్లియర్ ఊడిన సిల్వర్ కారు: ఒక ఉదాహరణ

పెచ్చులు గీకేసి పైన మళ్లీ క్లియర్ ఒక్కటే కొడితే చాలదా అని చాలామందికి అనిపిస్తుంది. ఆలోచన బాగానే ఉంది, పని నిలవదు. ఊడినచోట బేస్ కోట్ ఎండకు పొడిబారి ఉంటుంది, దానిమీద కొత్త క్లియర్ పట్టదు. ఊడనిచోట పాత క్లియర్ అంచు ఇంకా లేస్తూనే ఉంటుంది, కొత్తదాన్ని కూడా ఎత్తుకుపోతుంది. కాబట్టి క్లియర్ ఊడిన ప్యానెల్‌కు గీకి, సర్ఫేసర్ (ఉపరితలాన్ని సమం చేసే ప్రైమర్) వేసి, రంగు, క్లియర్ రెండూ మళ్లీ కొట్టడమే దారి.

అయితే మొత్తం కారుకా? పన్నెండేళ్ల సిల్వర్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి ఊహించుకుందాం. టాప్, బానెట్ పెచ్చులు లేచాయి. తలుపులు నాలుగూ మాసినా పట్టు బాగానే ఉంది. బానెట్ విడిగా ఉండే ముక్క, దాన్ని విప్పి అంచులదాకా కొట్టి బిగించేయొచ్చు. టాప్‌తోనే అసలు చిక్కు. చాలా కార్లలో టాప్ వెనక్కి వచ్చేసరికి వెనక అద్దం పక్క స్తంభంలో కలిసిపోతుంది, మధ్యలో గీత ఉండదు. కొత్త క్లియర్‌ను ఎక్కడ ఆపాలి? స్తంభం మధ్యలో థిన్నర్‌తో కరిగించి కలిపేస్తే ఆ రోజుకు కనిపించదు. కానీ అక్కడ క్లియర్ బాగా పల్చగా ఉంటుంది, కొన్నాళ్లకు సరిగ్గా ఆ గీత దగ్గరే మళ్లీ లేస్తుంది. గట్టిగా నిలవాలంటే వెనక ఫెండర్ చివరిదాకా క్లియర్ తీసుకెళ్లాలి. రెండు ప్యానెళ్లనుకున్న పని నాలుగవుతుంది. ‘టాప్‌కి ఇంతా!’ అని అనిపించే కొటేషన్ వెనక ఒక్కోసారి ఈ కారణం ఉంటుంది.

షేడ్ కలవడం ఇంకో తలనొప్పి. కలర్ కోడ్ ప్రకారం కలిపిన సిల్వర్ కొత్త కారుకు సరిపోతుంది, పన్నెండేళ్లు ఎండిన కారుకు కాదు. మెటాలిక్‌లో రంగు ఒకటే అయినా గన్ ప్రెషర్ మారితే, తడిగా కొడితే, పొడిగా కొడితే అల్యూమినియం రేణువులు పడుకునే తీరు మారి, ఎదురుగా ఒకలా పక్కనుంచి ఒకలా కనిపిస్తుంది. బంపర్ల రంగు బాడీతో కలవనట్టు కనిపించడానికీ ఇలాంటి కారణాలే. అవి ప్లాస్టిక్‌వి, వాటి ప్రైమర్ వేరు, చాలాసార్లు వాటిని విడిగా వేరే లైన్‌లో కొడతారు.

తుప్పు పొక్కు ఎందుకు ఆగదు

టాప్ మీద చాపంత మేర క్లియర్ ఊడినా, కింద రంగు, ప్రైమర్ ఉన్నంతకాలం రేకుకు వెంటనే ముప్పు లేదు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అంతే. ఆ స్థితిలో ఏడాది ఆగినా పెద్ద తేడా రాదు. తలుపు కింది అంచున అయిదు రూపాయల బిళ్లంత పొక్కు మాత్రం ఆగదు. చాలామంది ఖర్చు పెట్టే వరస దీనికి తలకిందులుగా ఉండటమే విచిత్రం. టాప్ మీద మచ్చకు వెంటనే పరిగెడతారు, పొక్కును సంవత్సరాల తరబడి వదిలేస్తారు.

ఆ పొక్కును విప్పి చూస్తే లోపల అరచేయంత తుప్పు ఉండొచ్చు. అద్దం రబ్బరు పక్కనుంచి తలుపులోకి దిగే వాన నీళ్లు కింద ఉన్న చిన్న బెజ్జాల గుండా బయటికి పోవాలి. దుమ్ము, ఆకులు చేరి ఆ బెజ్జాలు మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. రేకు లోపలినుంచి బయటికి తింటూ వస్తుంది, బయట పొక్కు కనిపించేసరికి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. దాన్ని బయటినుంచి ఎమరీతో గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టి ఇస్తే ఒకటి రెండు వానాకాలాల తర్వాత అదేచోట మళ్లీ లేస్తుంది. పెయింటర్ మోసం చేశాడని మనం అంటాం, బెజ్జం మాత్రం ఇంకా మూసుకునే ఉంటుంది.

లప్పానికి చెడ్డపేరు కాస్త అన్యాయంగా వచ్చింది. సొట్ట తీశాక మిగిలిన ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎగుడుదిగుడును సరిచేయడానికి లప్పం తప్పదు, మంచి షాపుల్లోనూ వాడతారు. తుప్పు మీదే నేరుగా పెట్టడం, బెజ్జం పడ్డ రేకును దాంతో పూడ్చడం తప్పు. లప్పం తేమను పీలుస్తుంది, ఆ తేమ కింద ఉన్న తుప్పుకే అందుతుంది. మెరిసే రేకు దాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, దానిమీద లప్పం పెట్టి, తర్వాత సర్ఫేసర్, రంగు, క్లియర్ వేస్తే నిలుస్తుంది.

తుప్పును ‘మార్చేసే’ ద్రవాలు కూడా దొరుకుతాయి. వాటిలో ఫాస్ఫారిక్ ఆమ్లమో టానిక్ ఆమ్లమో ఉంటుంది. తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరగా మారుతుంది. పైపై తుప్పుకు పనిచేస్తుంది. పొరలు పొరలుగా లేచిన తుప్పులో అడుగుదాకా చేరదు కాబట్టి ముందు గీకకుండా పోస్తే వృథా. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు దిగబడే స్థితి వస్తే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడమే. ఫుట్‌బోర్డు, ఫ్లోర్, సస్పెన్షన్ బిగించేచోట ఇలా ఉంటే అది పెయింట్ సమస్య కానే కాదు. బాడీ బలానికి సంబంధించినది, దాన్ని పెయింట్ బడ్జెట్‌లో కలిపి చూడకూడదు.

షెడ్డులో కొట్టినదానికీ బూత్‌లో కొట్టినదానికీ తేడా

ఫ్యాక్టరీలో ఉత్త బాడీని నూటనలభై డిగ్రీల పైన కాలుస్తారు. రిపేరులో అది కుదరదు. సీట్లు, వైర్లు, ప్లాస్టిక్ అన్నీ బిగించి ఉన్నాయి కాబట్టి బూత్‌లో అరవై డిగ్రీల దగ్గరే ఆపాలి. అందుకే రిపేరుకు వాడే పెయింటే వేరు. పీయూ పెయింట్‌లో హార్డెనర్ కలుపుతారు, రెండూ రసాయనికంగా కలిసి గట్టిపడతాయి. ఎన్‌సీ పెయింట్‌లో థిన్నర్ ఆవిరైతే చాలు, ఆరిపోతుంది. చవక, త్వరగా ఆరుతుంది, చెట్టు కింద షెడ్డులో కూడా కొట్టొచ్చు. కానీ మెరుపు కోసం రుద్దాలి, పెట్రోలు ఒలికినా మచ్చపడుతుంది, ఎండకు త్వరగా వెలుస్తుంది.

పైన చెప్పిన థిన్నర్ పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. కారు మీద పాత ఎన్‌సీ పెయింట్ ఉండగా దానిపై పీయూ కొడితే, పీయూలోని థిన్నర్ కింద ఎన్‌సీని మెత్తబరిచి ముడతలు లేపుతుంది. అప్పుడు అంతా గీకి మొదట్నుంచి రావాలి. ‘పాత పెయింట్ మొత్తం తీసేయాలి’ అని షాపులో అన్నప్పుడు అది అదనపు బిల్లు కోసమేనని అనుకోనక్కర్లేదు, కారణం ఇది కావచ్చు.

వానాకాలంలో తేమ ఇంకో సమస్య. ఎన్‌సీ ఆరేటప్పుడు థిన్నర్ ఆవిరై ఉపరితలం చల్లబడుతుంది, గాల్లోని తేమ దానిమీద చేరి పాలు పోసినట్టు తెల్లబోతుంది. పీయూలో హార్డెనర్ తేమతో కలిస్తే బుడగలు వస్తాయి. బూత్ లేని షెడ్డులో ఆగస్టులో కొట్టిన పెయింట్‌కూ ఫిబ్రవరిలో కొట్టినదానికీ తేడా రావడానికి కారణం ఇదే, పనివాడి చెయ్యి కాకపోవచ్చు. అన్నట్టు ఆ హార్డెనర్‌లోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు చాలా హానికరం, ఆస్తమా తెప్పిస్తాయి. మూతికి జేబురుమాలు కట్టుకుని పీయూ కొట్టే కుర్రాళ్లను మన ఆటోనగర్లలో ఇప్పటికీ చూస్తాం.

కొట్టించాలా, వదిలేయాలా: రెండు వైపుల వాదన

ఫుల్ బాడీ వైపు వాదనలో బలం ఉంది. షేడ్ గొడవ ఉండదు, అన్ని చోట్లా ఒకేసారి తుప్పు బయటపడి సరిచేసుకోవచ్చు. కారును ఇంకో అయిదారేళ్లు ఉంచుకునేవాళ్లకు విడివిడిగా ఏడాదికో ప్యానెల్ కొట్టించే కన్నా ఇది నయం.

వద్దనేవాళ్ల వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో కొనేవాడు మీటరు పట్టుకొస్తాడు. నాలుగు వైపులా 250 చూపిస్తే ‘ఏం దాచడానికి కొట్టించారు?’ అనే అడుగుతాడు. మాసిపోయినా ఫ్యాక్టరీ పెయింట్ ఉంటే యాక్సిడెంట్ కాలేదన్న నమ్మకం కలుగుతుంది. కాబట్టి అమ్మే ముందు ఫుల్ బాడీ కొట్టిస్తే పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. నిజంగా పాత బండ్లు, అంటే సేకరించేవాళ్లు కోరుకునే రకం అయితే ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఒరిజినల్ పెయింట్ ఒక్కసారే ఉంటుందన్నది వాళ్ల మాట. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. అక్కడ పెయింట్ కొట్టించడం తప్పేమీ కాదు గానీ, బాడీని కోసి అతికించే ముందు ఆలోచించుకోవాలి.

మధ్యే మార్గంగా వినైల్ రాప్ (బాడీ మీద అతికించే రంగు ప్లాస్టిక్ షీటు) గురించి అడుగుతుంటారు. బాగున్న పెయింట్ మీద అది సరే. ఊడుతున్న క్లియర్ మీద వేస్తే కింద అంచులన్నీ ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, తీసేటప్పుడు మిగిలిన క్లియర్‌నూ పట్టుకొస్తుంది. పాడైన పెయింట్‌ను కప్పడానికి రాప్ అన్న ఆలోచన అక్కడే తేలిపోతుంది.

ఇన్సూరెన్స్ ఏమిస్తుంది, ఆర్‌టీఏ ఏమడుగుతుంది

వయసు వల్ల, ఎండ వల్ల పాడైన పెయింట్‌కు ఇన్సూరెన్స్ రాదు. అరుగుదల పాలసీ పరిధిలోకి రాదు. ఎవరైనా గుద్దితే ఆ భాగానికి వస్తుంది, అదీ సొంత డ్యామేజీ కవర్ ఉంటేనే. పాత కార్లలో చాలావాటికి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటుంది, దాని కింద మన కారు పెయింట్‌కు పైసా రాదు.

కవర్ ఉందనుకుని ఒక లెక్క. తలుపు, ఫెండర్ పెయింటింగ్ బిల్లు 16,000. మామూలు పాలసీలో పెయింట్ మెటీరియల్ మీద 50 శాతం తరుగు కోస్తారు. మెటీరియల్, కూలీ విడగొట్టకుండా ఒకటే బిల్లు ఇస్తే, అందులో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కిస్తారు. అంటే 4,000. దాంట్లో సగం, 2,000 మనమే భరించాలి. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి మినహాయింపు ఇంకో 1,000. చేతికొచ్చేది సుమారు 13,000. ఆ తలుపు కొత్తగా మెరుస్తూ పక్కది మాసి కనిపిస్తే, పక్కదానికీ కొట్టడానికయ్యే ఖర్చు మీద సర్వేయర్‌తో వాదన మొదలవుతుంది. దెబ్బ తగలని ప్యానెల్ అది.

రంగు మార్చాలనుకుంటే కాగితాల పని కూడా ఉంది. కారు రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది. అదే రంగు మళ్లీ కొట్టిస్తే ఎవరినీ అడగక్కర్లేదు. తెల్ల కారును నీలం చేస్తే ఆ మార్పును ఆర్‌టీఏ ఆఫీసులో ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పదిహేనేళ్ల తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్‌కు బండిని చూపించేటప్పుడు, పుస్తకంలో ఒక రంగూ ఎదురుగా ఇంకో రంగూ ఉంటే అక్కడే ఆగిపోతుంది. పాత జీపులు కొన్నవాళ్లు సరదాపడి మిలిటరీ ఆలివ్ గ్రీన్ వేయించుకుంటుంటారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇంకే వాహనానికీ ఆ రంగు వేయకూడదు. ఆర్‌సీలో ఎక్కించుకుంటామన్నా కుదరదు, వేరే పచ్చ ఎంచుకోవాల్సిందే.